నాసిక్ ద్రాక్షతోటల్లో రెండు రోజులు

ఆఫీసులో మూడు రోజుల సెలవు అడిగితే "ఎక్కడికి?" అన్నారు పై అధికారి. "నాసిక్" అన్నాము. "గోదావరి స్నానానికా? మంచిది, వెళ్ళి రండి" అని సంతకం పెట్టారు. మేమూ తల ఊపి వచ్చేశాము. అది సగం నిజం. తక్కిన సగం ఆ రోజు ఆయనకు చెప్పలేకపోయినా, మన పత్రిక పాఠకులకు చెప్పడానికి మాకు మొగమాటం లేదు. మేము వెళ్ళింది ద్రాక్షలతో వైన్ తయారుచేసే చోట్లను చూడటానికి. వెంట తీసుకొని వెళ్ళింది, ఆ మాట చెవిన పడితేనే మండిపడే మా అక్కయ్యను.

సంగతి ఇది. మా మేనల్లుడు సోలాపురంలో మైక్రోబయాలజీ చదివి బి.ఎస్‌సి. ప్యాసైనాడు. ఏడాదిన్నరపాటు దరఖాస్తులు పెట్టగా పెట్టగా, నాసిక్ దగ్గర ఒక వైనరీలో లేబరేటరీ సహాయకుడి ఉద్యోగం వచ్చింది. మిఠాయి పంచవలసిన ఇంట్లో ఆ రాత్రి పొయ్యి రాజలేదు. "నా ఇల్లు ముంచిన సీసాలు నింపే కొలువుకా తమ్మీ, నా కొడుకును పంపాలె?" అన్నది అక్కయ్య.

ఆ మాట కొట్టిపారవేయదగినది కాదు. మా బావగారు మరమగ్గాల కార్ఖానాలో పేరున్న పనివాడు. అయితే జీతపు రోజు సాయంత్రం ఆయన ఇంటికి వచ్చే దారిలో రెండు దుకాణాలు ఉండేవి. నలభైనాలుగో ఏట కాలేయం చెడి పోయినారు. మగ్గాల పేటల్లో పెరిగిన మన కుటుంబాలలో ఇటువంటి కథ వినని గడప తక్కువ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారాపై తిరగబడినారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా ప్రాకింది. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. దూబగుంట వార్త మా నాయన పత్రికలో చూచి చదివి వినిపించినప్పుడు అక్కయ్య ఇంకా పెళ్ళికావలసిన పిల్ల. ఆ కథ తన కాపురంలోకే నడిచి వస్తుందని అప్పుడు ఆమెకేం తెలుసు!

ఇంకొక చిక్కు మాటలోనే ఉన్నది. మన తెలుగు ఊళ్ళలో "వైన్స్" అని బోర్డు కనిపిస్తే లోపల అమ్మేది విస్కీ, బ్రాందీ, రమ్ము. ద్రాక్షతో చేసిన అసలు వైన్ అక్కడ వెదికితే ఒక మూల ఉంటే ఉంటుంది. కాబట్టి వైన్ అంటే అక్కయ్య మనసులో మెదిలేది బావగారి సీసాయే. "అక్కయ్యా, చూడకుండా వద్దనకు. చూచిన తర్వాత నీవు ఏమంటే అదే" అని మేము పూచీ పడ్డాము. ఫిబ్రవరి నెలలో రాత్రి బస్సెక్కి ముగ్గురమూ బయలుదేరాము. తోవలో షిరిడీలో దిగి దర్శనం చేసుకొన్న తర్వాతనే అక్కయ్య ముందుకు కదిలింది.

నాసిక్‌లో మొదటి పని రామకుండంలో స్నానం, పంచవటి దర్శనం. ఇక్కడికి దగ్గరలో త్ర్యంబకేశ్వరం పక్కన బ్రహ్మగిరి కొండల్లో గోదావరి పుడుతుంది. యానాంలోని మన సభ్యులు రోజూ చూచే గౌతమి ఈ నీళ్ళే. గౌతమ మహర్షి పేరు అక్కడిదాకా నదితోనే నడిచి వెళ్ళింది. మా మేనల్లుడు సమయం చూచి, "చూచావా అమ్మా, నది పుట్టినచోట ద్రాక్షతోటలు, సముద్రంలో కలిసేచోట ద్రాక్షారామం" అన్నాడు. అక్కయ్య తడి జుట్టు ముడివేసుకొంటూ, "అది దక్షుడు యజ్ఞం చేసిన చోటురా. ఆయన పేరే జనం నోట ద్రాక్ష అయింది. భీమేశ్వరస్వామిని తెచ్చి నీ సీసాలతో కలపకు" అన్నది. వాడు మళ్ళీ నోరెత్తలేదు.

మధ్యాహ్నం ఊరు దాటి గంగాపూర్ డ్యామ్ వైపు వెళ్ళాము. గోదావరికి ఇక్కడ అడ్డుకట్ట. దాని చుట్టుపక్కల గట్లమీద వరుసలు వరుసలుగా ద్రాక్షపందిళ్ళు. నాసిక్ సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్నది. పగలు ఎండ, చలికాలపు రాత్రుళ్ళు బాగా చల్లన. ఈ రెండూ కలిస్తేనే పండులో తీపీ నిలుస్తుంది, పులుపూ నిలుస్తుందట. తినే ద్రాక్షకు ఈ జిల్లా ఎంతోకాలంగా పేరుమోసినది. హైదరాబాదు చుట్టుపక్కల ఒకప్పుడు విరివిగా పండిన అనాబ్-ఎ-షాహి గెలలను తిన్న పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. అదీ తినే ద్రాక్షే. వైన్ ద్రాక్ష జాతి వేరు. కాయ చిన్నది, తోలు మందం, లోపల గింజలు. నోట్లో వేసుకొంటే తీపి ఎక్కువే, కాని తినడానికి సుఖంగా ఉండదు. షెనిన్ బ్లాంక్, సోవిన్యోన్ బ్లాంక్ అనేవి తెల్ల రకాలు. షిరాజ్, కాబర్నే సోవిన్యోన్ అనేవి నల్లవి. పేర్లలో ఎక్కువ ఫ్రాన్సు వైపునుంచి వచ్చినవి. నోరు తిరగడానికి మాకు ఒక పూట పట్టింది.

ఫ్రాన్సులో ద్రాక్షతీగ చలికాలమంతా మంచులో నిద్రపోతుంది, కోత ఆగస్టు మొదలు అక్టోబరు లోపల జరుగుతుంది. నాసిక్ వైపు తీగకు ఆ నిద్ర లేదు. అందువల్ల రైతే కత్తెర పట్టుకొని దానికి కాలం చెప్పాలి. వేసవి మొదట్లో ఏప్రిల్‌లో ఒకసారి, వానలు తగ్గిన తర్వాత సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మరొకసారి కత్తిరిస్తారు. మొదటిది కొమ్మ బలానికి, రెండవది పండుకు. కోత జనవరి నుంచి మార్చి దాకా. మేము వెళ్ళింది సరిగ్గా ఆ రోజులలోనే.

ఈ వైన్ ఊళ్ళ కథ పాతది కాదు. 1980లలో పుణె జిల్లా నారాయణగావ్‌లో ఇండేజ్ అనే కంపెనీ ఫ్రెంచివారి సాయంతో నురుగు వైన్ చేసి విదేశాలకు పంపింది. నాసిక్‌లో ఈ పని నిలదొక్కుకొన్నది రాజీవ్ సామంత్ అనే ఇంజనీరు వల్ల. అమెరికాలో చదివి, అక్కడ ఉద్యోగం వదలి 1990లలో తిరిగి వచ్చి, తమ కుటుంబపు భూమిలో వైన్ ద్రాక్ష నాటినాడు. తల్లి సులభ పేరునుంచే తన సంస్థకు సూల అని పేరు పెట్టినాడు. 2000లో మొదటి సీసాలు బజారుకు వచ్చినవి. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష వైన్ పరిశ్రమకు ప్రోత్సాహం ఇచ్చే విధానం ప్రకటించి, నాసిక్ జిల్లా వించూర్‌లోను, సాంగ్లీ జిల్లా పలూస్‌లోను వైన్ పార్కులు ఏర్పాటు చేసింది. 2005లో సూలవారు, వచ్చినవారు కూర్చుని రుచి చూచే గది తెరిచినారు. ఆ తర్వాత గంగాపూర్, దిండోరి, ఇగత్‌పురి వైపుల ఇటువంటివి మరికొన్ని వెలిసినవి. నాసిక్ లోయ వైన్‌కు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

మా మేనల్లుడిని పిలిచిన చోటు వీటిలో ఒకటి. పేరు వ్రాయడం లేదు, అవసరమూ లేదు. మరునాడు ఉదయం ఏడు గంటలకే అక్కడ ఉన్నాము. ఎండ ముదిరితే కోసిన పండు వేడెక్కి రసం తెగిపోతుందని తెల్లవారుజామునే కోత మొదలుపెడతారు. పది పన్నెండుమంది ఆడవాళ్ళు చిన్న కత్తెరలతో గెలలు కోసి ప్లాస్టిక్ క్రేట్లలో పేరుస్తున్నారు. సుర్గాణా, పేఠ్ తాలూకాలనుంచి కోతకాలానికి వచ్చే కూలీలు వీరు. అక్కయ్య చెప్పులు విడిచి నేరుగా పందిట్లోకి నడిచి, మరాఠీలో మాట కలిపింది. మేము గట్టుమీదనే ఉండిపోయాము. తిరిగి వచ్చి ఆమె చెప్పిన సంగతులు రెండు. కూలి వారం వారం ముడుతుంది, అది ఆడవాళ్ళ చేతికే ఇస్తారు. రెండవది, తాము కోసిన పండు ఏమవుతుందో వీళ్ళందరికీ తెలుసు కాని, ఒక్కరూ దాని రుచి ఎరుగరు. సీసా వెల వాళ్ళ ఒకరోజు కూలికంటె ఎక్కువ. "మొగోళ్ళు తాగేది ఇది కాదట, ఊళ్ళో దొరికే నాటుదట" అన్నది అక్కయ్య. అని, కాసేపు ఏమీ మాట్లాడలేదు.

లోపల మమ్ము తిప్పి చూపినది లేబరేటరీ అధికారిణి. నలభై ఏళ్ళ మనిషి, జుట్టు టోపీలో దాచుకొని, కాళ్ళకు రబ్బరు బూట్లు. ఆమె చెప్పినది మాకు అర్థమైనంతలో ఇది. గెలలను యంత్రంలో వేస్తే కాడలు ఒకవైపు, చిదికిన పండు ఒకవైపు పోతాయి. తెల్ల వైన్‌కు వెంటనే రసం పిండి, తోలు తీసేసి, స్టీలు ట్యాంకుల్లో 15 డిగ్రీల చుట్టుపక్కల చల్లగా పులియబెడతారు. ఎర్ర వైన్‌కు తోలుతోసహా, 25 డిగ్రీలు దాటిన వేడిమిలో పులియనిస్తారు. రంగూ వగరూ ఆ తోలులోనివే. రసంలోని తీపిని ఈస్ట్ అనే సూక్ష్మజీవి తిని, మత్తునిచ్చే ఆల్కహాలునూ బొగ్గుపులుసు గాలినీ విడుస్తుంది. ఆ గాలి బరువైనది, కంటికి కనబడదు. ట్యాంకుల మధ్య నేలమట్టాన పేరుకొంటే మనిషి ప్రాణమే తీస్తుంది. అందుచేత గాలి పరీక్షించకుండా ట్యాంకులోకి ఎవరినీ దిగనివ్వరు. మేలురకం ఎర్ర వైన్‌ను ఓక్ కర్ర పీపాల్లో నెలల తరబడి ఉంచుతారు. పీపా ఒక్కొక్కటి 225 లీటర్లు. ఒక సీసా వైన్‌కు కిలోకు పైచిలుకు పండు కావాలి.

అక్కయ్య వీటికి ఆశ్చర్యపడలేదు. ఆమె చూపంతా నేలమీద. ఎక్కడ చూచినా కడగడమే. గొట్టాలు, ట్యాంకులు, క్రేట్లు, నేల, అన్నిటినీ వేడినీళ్ళతో కడుగుతున్నారు. "ఎందుకింత కడుగుడు?" అని అడిగింది. గాలీ మురికీ సోకితే వైన్ చెడి వెనిగరు అవుతుందన్నది అధికారిణి. "అంటే ఆవకాయ జాడీలెక్కనే. తడిచెయ్యి తగిలితే సంవత్సరపు పచ్చడి పోయినట్టే" అన్నది అక్కయ్య. ఆ మాట మేము హిందీలో చెప్పగా ఆమె నవ్వి, "ఇక్కడ మీ అబ్బాయి పని ఆ జాడీ కాపలాయే" అన్నది. పండులో తీపి ఎంతో కొలవాలి, వంద గ్రాముల రసానికి 22 నుంచి 24 గ్రాములు వస్తే కోతకు వచ్చినట్లు. పులుపు కొలవాలి, చెడిపోకుండా చేర్చే గంధకపు మోతాదు కొలవాలి, ప్రతిదీ పుస్తకంలో వ్రాయాలి. లెక్కలు వ్రాసే కొలువు మాదీ కాబట్టి ఆ రిజిస్టర్లు చూస్తే మాకు ప్రాణం లేచి వచ్చింది.

మా మేనల్లుడు ఈ అవకాశం పట్టుకొని, ఇంట్లో ఆకలి పుట్టడానికని పుచ్చుకొనే ద్రాక్షారిష్టం కూడా పులియబెట్టినదే కదా అని తల్లితో వాదన వేసుకొన్నాడు. "నిజమే. అది చెంచాతో కొలిచి ఇస్తారు, గ్లాసుతో కాదు" అన్నది ఆమె. ఆ జవాబు మా మనసులో నిలిచింది.

తర్వాత రుచి చూచే గది. పొడుగాటి బల్ల, దానివెనుక ఒక యువకుడు, ముందు మావంటి యాత్రికులు. మహారాష్ట్రలో 1949 నాటి మద్యనిషేధ చట్టం కింద తాగడానికి పర్మిట్ ఉండాలన్న నియమం ఇంకా ఉన్నది. వయసు తక్కువవారికి పోయరు. డబ్బు కట్టినవారికి ఐదారు రకాలు, ఒక్కొక్కటి రెండు పెద్ద చెంచాలంత పోస్తారు. మొదట తెల్లవి, తర్వాత ఎర్రవి. గ్లాసును కాడ దగ్గర పట్టుకోవాలి, గిన్నె పట్టుకొంటే చేతివేడి తగులుతుంది. వెలుతురుకు ఎత్తి రంగు చూడాలి. ఒకసారి సుళ్ళు తిప్పి వాసన చూడాలి. ఆ తర్వాత కొద్దిగా నోట్లోకి తీసుకొని నాలుకంతా తడిసేటట్లు పుక్కిలించాలి. మేము నిజం చెప్పాలి. తెల్లదానిలో జామపండు వాసన వస్తుందని అతడు చెప్పిన తర్వాత వచ్చింది, చెప్పకముందు రాలేదు. ఎర్రదాని వగరు పచ్చి నేరేడుకాయను తలపించింది.

గోడదగ్గర కుర్చీలో కూర్చున్న అక్కయ్య ఉన్నట్టుండి లేచి వచ్చి, బల్లమీద ఉన్న ఒక నల్లని పాత్రను చూపి "ఇదేంది?" అన్నది. నోట్లో పోసుకొన్నది ఉమ్మడానికట. "మా తాతమ్మ మంచం కింద ఇత్తడి తమ్మపడిగ ఉండేది, అటువంటిదేనా?" అన్నది. అచ్చంగా అదే. తాంబూలం నమిలినవారికి తమ్మపడిగ ఎలాగో, వైన్ పరీక్షించేవారికి ఇది అలాగు. "కొన్నది ఉమ్మేస్తారా!" అని ఆమె ఆశ్చర్యం. లేబరేటరీ అధికారిణి అప్పుడు చెప్పినది, "అమ్మా, కోతరోజుల్లో మేము పొద్దున్నుంచి ముప్పై నలభై నమూనాలు నోట పెట్టవలసి వస్తుంది. మింగితే పన్నెండింటికే నాలుక మొద్దుబారుతుంది, బుద్ధీ మొద్దుబారుతుంది. మింగేవాడు ఈ పనికి పనికిరాడు. ఇద్దరిని పంపించివేశాము."

ఇదంతా చదివి, మేము వైన్‌ను వెనకేసుకొని వస్తున్నామని ఎవరూ అనుకోవద్దు. ఆ గదిలోనే మా పక్కన నలుగురు కుర్రవాళ్ళు ఉన్నారు. వాళ్ళు తమ్మపడిగ వైపు చూడనైనా లేదు. పోసినది పోసినట్లు గుటుక్కున మింగి, తర్వాత సీసాలు తెప్పించుకొన్నారు. ఒక గంటకు గొంతులు పెరిగినవి, మరి కాసేపటికి ఒకడు గోడపట్టుకొని నడుస్తున్నాడు. కారు తాళంచెవి వాడి చేతిలోనే ఉన్నది. అక్కయ్య వాడిని చూచిన చూపు మేము వ్రాయలేము. వైన్‌లో ఆల్కహాలు 12 నుంచి 14 శాతం, విస్కీలో సుమారు 43 శాతం. గుమాస్తా లెక్క వేస్తే, మూడు సీసాలు దాటిన వైన్ ఒక సీసా విస్కీకి సమానం. తక్కువ అంటే లేదని అర్థం కాదు. ఈ లెక్క చెబితే అక్కయ్య, "చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలె" అన్నది. 2022 జనవరిలో సూపర్ మార్కెట్లలో వైన్ అమ్మనివ్వాలని మహారాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించినప్పుడు రైతులకు మేలని కొందరు, ఇళ్ళకు చేటని కొందరు వాదించుకొన్నారు. ఎర్ర వైన్ గుండెకు మంచిదని రుచి గదుల్లో ఇంకా వినబడుతూనే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో, ఏ మోతాదు మద్యమూ ఆరోగ్యానికి సురక్షితం కాదని స్పష్టంగా చెప్పింది. మందు పేరు చెప్పి ఎవరూ మొదలుపెట్టవద్దు.

మన సభ్యులలో నాసిక్ వెళ్ళేవారు చాలామంది ఉంటారు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో వెళితే కోత కళ్ళారా చూడవచ్చు. శని, ఆదివారాల రద్దీ తప్పించుకొండి. తాగకపోయినా తోటా కార్ఖానా చూపే చోట్లు ఉన్నవి, ముందుగా ఫోను చేసి కనుక్కొండి. రుచి చూచేవారు కడుపు ఖాళీగా వెళ్ళవద్దు. బండి నడిపేవారు గ్లాసు ముట్టవద్దు.

తిరుగు బస్సు రాత్రికి. సాయంత్రం మళ్ళీ గోదావరి ఒడ్డున కూర్చున్నాము. మేనల్లుడు ఏమీ అడగలేదు, మేమూ అడగలేదు. చీకటిపడి దీపాలు నీళ్ళలో వదలుతున్న వేళకు అక్కయ్యే అన్నది: "పోరా. పనికి ఇంత శుభ్రం ఉన్నచోట తప్పేం లేదు. ఆ తమ్మపడిగ నీ బల్లమీద ఉన్నన్నాళ్ళే కొలువు. అది తీసేసిన రోజు ఇంటికి వచ్చెయ్యి."

వాడు చేరి ఇప్పటికి మూడు నెలలైంది. మొదటి నెల జీతం తెచ్చుకొని ఇంటికి వచ్చినప్పుడు మేమూ అక్కడే ఉన్నాము. తలుపు తీసిన అక్కయ్య, కొడుకు చేతిలో సంచి అందుకోకుండా, ముందు వాడి ముఖం దగ్గరగా తన ముఖం పెట్టింది. ఇరవై ఏళ్ళు రోజూ సాయంత్రం ఆ గడపలో ఆమె చేసిన పని అది. వాడు కదలకుండా నిలబడ్డాడు. చొక్కాకు సబ్బు వాసన, కొంచెం గంధకం వాసన, అంతే. అప్పుడు సంచి అందుకొని, "కాళ్ళు కడుక్కో, అన్నం పెడతా" అని లోపలికి వెళ్ళింది. పొయ్యిమీద పప్పు అప్పటికే ఉడుకుతున్నది.